కొండ గుర్తు నుంచి నీలం చుక్క దాకా

ఈ ఏడాది మా సోషల్ మాస్టారు "మీ ఇంట్లో ఉన్న ఏదైనా ఒక వస్తువు చరిత్ర రాసుకు రండి" అన్నారు. ఎక్కువమంది తిరగలి, రోలు, లాంతరు రాశారు. ఒకమ్మాయి వాళ్ల ముత్తాత రంగూన్ నుంచి తెచ్చిన చెక్కపెట్టె గురించి రాసింది, అది నిజంగా బాగుంది. నేను ఫోను గురించి రాస్తానంటే వెనక బెంచీవాళ్లు నవ్వారు. ఫోనుకి చరిత్రేంటి, మొన్నటిదే కదా అని. నేను రాయాలనుకున్నది ఫోను మొత్తం గురించి కాదు. మ్యాపు తెరిస్తే అందులో ఒక నీలం చుక్క కనిపిస్తుంది చూడండి, దాని గురించి. "నువ్వు ఇక్కడున్నావు" అని అది చెప్తుంది. సముద్రం మధ్యలో ఉన్నప్పుడు ఆ ఒక్క మాట తెలుసుకోవడానికి మా వీధిలోవాళ్లు ఎన్ని తరాలుగా ఎన్ని తంటాలు పడ్డారో మా తాతని అడిగితే తెలిసింది. మిగతాది మాస్టారు చూపించిన పుస్తకాల్లోనూ, పేపర్లలోనూ చదివాను.

మాది గోపాలపూర్ దగ్గర సముద్రపొడ్డు ఊరు. బరంపురం నుంచి బస్సులో అరగంట. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, బడిలో రెండూ. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేదాకా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. మనుషులు ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారు, గీత మాత్రం కదిలింది. ఒడియావాళ్లు మమ్మల్ని నోలియాలు అంటారు. పూరీ నుంచి గోపాలపూర్ దాకా సముద్రస్నానానికి వచ్చే టూరిస్టుల చేయి పట్టుకుని కెరటాల్లోకి తీసుకెళ్లేదీ, మునిగిపోతుంటే దూకి తెచ్చేదీ మావాళ్లే. ఈ మాట కొంచెం గర్వంగానే రాస్తున్నాను.

గోపాలపూర్‌కి అప్పట్లో లోపలికి రేవు లేదు. ఓడలు దూరంగా లంగరు వేసి నిలబడేవి. అక్కడికి సరుకునీ మనుషుల్నీ చేర్చడానికి, పలకల్ని మేకులతో కాకుండా కొబ్బరితాడుతో కుట్టిన పడవలు వాడేవారు. మేకులు కొట్టిన పడవ కెరటం దెబ్బకి విడిపోతుంది, కుట్టిన పడవ వంగి మళ్లీ సర్దుకుంటుంది. రంగూన్ వెళ్లేవాళ్లు ఆ పడవల్లోనే ఓడ దాకా పోయేవారు. మా తాత ఆ పడవల్ని ఆఖరి రోజుల్లో చూశాడు గానీ నడపలేదు. ఆయన నడిపింది తెప్ప. దుంగల్ని పక్కపక్కన పెట్టి తాడుతో కట్టేది. అందులో కూర్చుంటే నడుం దాకా నీళ్లే.

ఆ తెప్ప మీద కూర్చుని, చేపలు పడే చోటికి మళ్లీ మళ్లీ సరిగ్గా ఎలా వెళ్లేవాడు? సముద్రం మీద గీత గీయలేం, రాయి పాతలేం. నేను ఈ ప్రశ్న అడిగితే తాత నా వైపు జాలిగా చూసి, ఇసకలో వేలితో బొమ్మ గీశాడు.

"ఇదిగో అమ్మీ, ఇది ఒడ్డు. ఇది తాటితోపు. తోపుకి యెనకాల ఇది కొండ. తెప్ప మీద నుంచి సూస్తే తోపు సరిగ్గా ఆ కొండ నెత్తి కిందకి రావాల. అప్పుడు నువ్వు ఈ గీత మీద ఉన్నట్టు. గీత మీద యెక్కడున్నావు? అది తెలవదు. అందుకని ఇంకో పక్కకి సూడాల. లైట్‌హౌసు, దాని యెనకాల ఇంకో గుట్ట. ఆ రెండూ కలిసినాయా? ఇంకేటి, దించు వల."

రెండు గీతలు కలిసే చోటు ఒక్కటే ఉంటుంది. ఆరో తరగతిలో జ్యామితిలో మేం చదివినదే. తాత మూడో తరగతి కూడా చదవలేదు. ఆయనకి ఇలాంటి చోట్లు ఇరవైకి పైగా గుర్తున్నాయి, ఒక్కొక్క దానికి ఒక్కో పేరు, ఒక్కో చేప. వంజరం పడేది ఒకటి, చందువ పడేది ఒకటి, వల చిరిగిపోయే రాతిబండ ఉన్నది ఒకటి. మబ్బు లేని రోజున నైరుతి వైపు మహేంద్రగిరి కనిపిస్తుంది. అది 1,501 మీటర్ల ఎత్తు. ఒడ్డు, ఇళ్లు, చెట్లు అన్నీ సముద్రంలోకి దిగిపోయినట్టు కనపడకుండా పోయాక కూడా ఆ కొండ మాత్రం నిలబడి ఉంటుందట. భూమి గుండ్రంగా ఉందని పుస్తకంలో చదవడం వేరు, ఇంటికి దూరమవుతుంటే ముందు ఇల్లు, తర్వాత చెట్టు, ఆఖరున కొండ మునగడం చూడటం వేరు.

రాత్రి అయితే చుక్కలు. ఉత్తరం చుక్క కదలదు కాబట్టి అది దిక్కు. పిల్లలకోడి చుక్కలు, వేగుచుక్క వేళ చెప్తాయి. మబ్బు పట్టిన రాత్రి అవీ ఉండవు. అప్పుడు తాడుకి బరువు కట్టి కిందకి వదిలి ఎన్ని బారల లోతు ఉందో చూసేవారు. బరువుకి అంటుకుని పైకి వచ్చింది ఇసకా, బురదా, గవ్వముక్కలా అని వేళ్లతో నలిపి చూసి "ఒడ్డుకి దగ్గరకొచ్చేసినాం" అనేవారట. నాకు ఇది అన్నిటికంటే ఆశ్చర్యంగా అనిపించింది. చీకట్లో, బురద పట్టుకుని, మ్యాపు చదవడం!

ఇంగ్లీషువాళ్లు ఇదే పనిని ఒడ్డు మీద చేశారు. 1802లో విలియం లాంబ్టన్ అనే సైనికాధికారి మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర 7.5 మైళ్ల పొడుగున ఒక గీతని ఉక్కు గొలుసుతో కొలిచాడు. ఆ గీత రెండు కొసల నుంచీ దూరంగా కనిపించే ఒక గుట్టని చూసి కోణాలు తీసుకుంటే త్రిభుజం వస్తుంది. ఆ త్రిభుజం మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి. కోణాలు కొలిచే యంత్రం అరటన్ను బరువు, దాన్ని మనుషులు మోసుకుంటూ కొండలూ గోపురాలూ ఎక్కించారు. అలా త్రిభుజాల మీద త్రిభుజాలు కట్టుకుంటూ హిమాలయాల దాకా పోయారు. ఇప్పుడు మనం చూసే మ్యాపులకి మన దేశంలో పునాది అదే. తాత పద్ధతికీ లాంబ్టన్ పద్ధతికీ తేడా ఏమిటంటే, లాంబ్టన్ కాగితం మీద రాశాడు. తాత రాయలేదు.

దారి తెలియడం ఒక సంగతి. గాలివాన వస్తుందని ముందే తెలియడం ఇంకో సంగతి. మా ఊరికి రెండోదే ఎక్కువ ముఖ్యం.

1864లో కలకత్తాని ఒక పెద్ద తుఫాను ముంచేసింది. ఆ మరుసటి ఏడే అక్కడి రేవులో తుఫాను హెచ్చరికలు ఇవ్వడం మొదలుపెట్టారు. 1875లో వాతావరణ శాఖ ఏర్పడింది. తర్వాత రేవుల్లో ఎత్తయిన స్తంభం మీద గుర్తులు కట్టడం వచ్చింది. పగలైతే శంకువుల్లాంటివీ పీపాల్లాంటివీ, రాత్రయితే ఎర్ర దీపాలు, తెల్ల దీపాలు. ఒకటి నుంచి పదకొండు దాకా నంబర్లు. ఇప్పటికీ టీవీలో "గోపాలపూర్ రేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక" అంటారు కదా, అది ఆ పాత లెక్కే. మా నానమ్మకి అక్షరాలు రావు గానీ ఈ నంబర్లు వచ్చు. మూడు అంటే సముద్రం మీదకి పోకూడదు. పది అంటే ఇల్లు వదిలెయ్యాలి.

గుర్తు చూడాలంటే రేవు దగ్గర ఉండాలి. అప్పటికే సముద్రంలో ఉన్నవాడికి? వాడికి ఎవరు చెప్తారు? రేడియో వచ్చాక కొంత నయమైంది. విశాఖపట్నం స్టేషను తెలుగులో చెప్తుంది కాబట్టి మా వీధిలో సాయంత్రం అదే పెట్టేవారు. అయినా తెప్ప మీద రేడియో తడుస్తుంది. ఎక్కువమందికి హెచ్చరిక అంటే ఆకాశం రంగూ, గాలి తిరిగిన దిక్కూ, ఎగిరే పిట్టలూ.

1999 అక్టోబరులో మా జిల్లాకి 17న ఒక తుఫాను వచ్చింది, గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. మా నాన్నకి అప్పుడు పన్నెండేళ్లు. ఇంటి కప్పు ఎగిరిపోతే బడి వరండాలో రెండు రోజులున్నారు. పెద్దది అయిపోయింది అనుకుని అందరూ కప్పులు కట్టుకుంటుంటే, 29న ఇంకోటి పారాదీప్ దగ్గర వచ్చింది. దాన్నే సూపర్ సైక్లోన్ అంటారు. దాదాపు 10,000 మంది చనిపోయారు. హెచ్చరిక లేక కాదు. హెచ్చరిక వచ్చింది, కానీ అది చివరి ఇంటికి చేరలేదు, చేరిన చోట కూడా ఎక్కడికి పోవాలో తెలియలేదు. టెలిఫోను తీగలన్నీ తెగిపోయాయి. హామ్ రేడియోవాళ్లు వచ్చి కబుర్లు అందించాల్సి వచ్చింది.

ఇక నీలం చుక్క పుట్టుక. ఇది మనకి చాలా దూరంగా జరిగింది. అమెరికా సైన్యం 1973లో జీపీఎస్ అనే పని మొదలుపెట్టి, 1978లో మొదటి ఉపగ్రహం పంపింది. అది సైన్యం కోసమే. 1983 సెప్టెంబరు 1న కొరియా దేశపు ప్రయాణికుల విమానం ఒకటి దారి తప్పి సోవియట్ ఆకాశంలోకి పోతే, వాళ్లు కూల్చేశారు. 269 మంది చనిపోయారు. ఆ విమానానికి తను ఎక్కడుందో తెలియకపోవడమే కారణం. దాని తర్వాత అమెరికా అధ్యక్షుడు రీగన్, జీపీఎస్ పూర్తయ్యాక మామూలు జనం కూడా వాడుకోవచ్చు అని ప్రకటించాడు. 1995 నాటికి 24 ఉపగ్రహాలతో అది పూర్తయింది. అయినా సైన్యానికి ఒక రకం, జనానికి ఒక రకం. జనానికి ఇచ్చే సంకేతంలో కావాలని తప్పు కలిపేవారు, 100 మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 మే నెలలో ఆ కలపడం ఆపేశారు. మీ ఫోను ఇవాళ మీ వీధిని సరిగ్గా చూపిస్తోందంటే ఆ రోజు వల్లే.

పని చేసే తీరు మాత్రం తాత ఇసకలో గీసిన బొమ్మే. కొండల బదులు ఉపగ్రహాలు, అంతే. అవి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంటాయి. ప్రతిదాంట్లో అణు గడియారం ఉంటుంది. "నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు టైము ఇంత" అని చెప్తూనే ఉంటుంది. ఆ మాట మన దగ్గరకి రావడానికి సెకనులో పదిహేనో వంతు పడుతుంది. ఎంత ఆలస్యమైందో చూసి ఫోను దూరం లెక్క కడుతుంది. అలా నాలుగు ఉపగ్రహాలు దొరికితే చోటు తెలిసిపోతుంది. గడియారం సెకనులో పది లక్షలో వంతు తప్పితే చుక్క 300 మీటర్లు జరిగిపోతుంది! అందుకే అంత ఖరీదైన గడియారాలు.

మన దేశం కూడా సొంతంగా పెట్టుకుంది. మొదటి ఉపగ్రహం 2013 జులై 1న శ్రీహరికోట నుంచి వెళ్లింది. ఏడోది 2016 ఏప్రిల్ 28న వెళ్లాక దానికి నావిక్ అని పేరు పెట్టారు. నావికుడు అని అర్థం వచ్చేలా. మాలాంటివాళ్ల పేరు అంత పైన ఉండటం నాకు నచ్చింది. కానీ కొన్ని ఉపగ్రహాల్లో గడియారాలు పాడయ్యాయి, వాటి బదులు కొత్తవి పంపుతున్నారు. 2023 మేలో పంపిన దాంట్లో మన దేశంలో చేసిన అణు గడియారమే పెట్టారు.

మా ఊరికి జీపీఎస్ ఫోనులో రాలేదు. ముందు చేతిలో పట్టే చిన్న పెట్టెలాగా వచ్చింది, ఫైబర్ బోట్లు వచ్చిన కొత్తల్లో. బోటు ఓనర్లు కొన్నారు. వల బాగా పడిన చోట మీట నొక్కితే నంబర్లు దాచుకుంటుంది, మర్నాడు అక్కడికే తీసుకెళ్తుంది. తాతకి ఇది నచ్చలేదు. "నలభై యేళ్లు పట్టింది నాకు. ఆడు మీట నొక్కీసినాడు" అన్నాడట. ఇంకో తమాషా ఏమిటంటే, కొండ గుర్తులు ఎలా రహస్యమో ఈ నంబర్లు కూడా అలాగే రహస్యం. ఇప్పటికీ నాన్న పక్క బోటువాళ్లు ఎంత అడిగినా చెప్పడు. వాళ్లూ చెప్పరు.

ఆ తర్వాత ఆ పెట్టె పనంతా ఫోనులోకి వచ్చేసింది. ఇక్కడ మా వీధిలో అందరూ తప్పుగా అనుకుంటున్న సంగతి ఒకటి ఉంది. నెట్ లేకపోతే లొకేషన్ పని చేయదని. అది నిజం కాదు. ఫోను ఉపగ్రహాల మాట వింటుంది, అంతే. తిరిగి వాటితో ఏమీ మాట్లాడదు. రేడియో వినడానికి సిమ్ కార్డు అక్కర్లేనట్టే దీనికీ అక్కర్లేదు. నెట్ కావాల్సింది మ్యాపు బొమ్మ తెచ్చుకోవడానికి. అందుకే ఇంట్లో ఉండగానే మన తీరం మ్యాపుని ఆఫ్‌లైన్‌లో దించి పెట్టుకోవాలి. నెట్ ఉంటే ఉపగ్రహాల సమాచారం ముందే తెలుస్తుంది కాబట్టి చుక్క తొందరగా వస్తుంది. లేకపోతే ఆకాశం బాగా కనిపించే చోట కాసేపు ఆగాలి. సిగ్నలంతా ఆపేసి ఒడ్డున నిలబడి నాన్నకి చూపించాను. రెండు నిమిషాలకి చుక్క వచ్చింది. నాన్న ఫోను తిప్పి వెనక్కి చూశాడు, అక్కడేదో ఉందన్నట్టు.

ఇది ఎందుకు ముఖ్యమో చెప్తాను. పోయిన ఏడాది మా చిన్నాన్న వెళ్లిన బోటుకి ఇంజను ఆగిపోయింది. గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపుకి ఉంది. సిగ్నలు ఒక గీత, అది కూడా వస్తూ పోతూ. ఒడ్డుకి ఫోను కలిసింది. "ఎక్కడున్నారు?" అంటే "లైట్‌హౌసుకి తూర్పున" అన్నారు. లైట్‌హౌసుకి తూర్పున అంటే బర్మా దాకా సముద్రమే. బోటులో ఉన్న కుర్రాడొకడు మ్యాపు మీద నీలం చుక్కని వేలితో అదిమి పట్టుకుంటే నంబర్లు వచ్చాయి. మాట తెగిపోతున్నా మెసేజీ మాత్రం వెళ్లింది. ఇక్కడ ఇంకో చిక్కు. ఫోను నంబర్లు చుక్కతో ఇస్తుంది, 19.26 లాగా. బోటు పెట్టెల్లో డిగ్రీలు, నిమిషాలుగా ఉంటుంది. 19.26 డిగ్రీలు అంటే 19 డిగ్రీల 26 నిమిషాలు కాదు, 19 డిగ్రీల 15.6 నిమిషాలు. ఒక నిమిషం అంటే 1,852 మీటర్లు. రెండింటినీ ఒకటే అనుకుంటే వెతికే బోటు 19 కిలోమీటర్లు ఉత్తరానికి పోతుంది. ఒడ్డున ఉన్న ఒక రిటైర్డు మాస్టారు అది పట్టుకుని సరిచేశారు. మెసేజీ పంపిన టైము కూడా ఉంది కాబట్టి, అప్పటి నుంచి గాలికి ఎంత కొట్టుకుపోయి ఉంటారో పెద్దవాళ్లు అంచనా వేశారు. ఆ అంచనా ఏ ఫోనూ చెప్పలేదు, తాతలాంటివాళ్లే చెప్పారు. చీకటి పడే వేళకి దొరికారు. పిన్ని ఆ రోజంతా ఒడ్డున ఇసకలో కూర్చునే ఉంది. నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

హెచ్చరికల వైపు కూడా చాలా మారింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ మళ్లీ మా గోపాలపూర్ దగ్గరే దాటింది. గాలి గంటకి 200 కిలోమీటర్లకి పైనే. కానీ ముందే ఒడిశాలో దాదాపు 10 లక్షల మందిని షెల్టర్లకి తరలించారు. 1999లో వేలల్లో పోతే, ఈసారి పదుల్లో. మా ఊరి చెట్లు పోయాయి, బోట్లు పోయాయి, మనుషులు మిగిలారు. 2018లో ఒడిశా తీరమంతా 122 చోట్ల సైరన్ టవర్లు పెట్టారు. ఆ ఏడాది అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది, మా చుట్టాల కొబ్బరితోటలు అక్కడే పడిపోయాయి.

2023లో ఒకరోజు అందరి ఫోన్లూ ఒకేసారి గట్టిగా కూశాయి, మీకూ గుర్తుండే ఉంటుంది. మా వీధిలో ఒకాయన ఫోను పేలిపోతుందని బకెట్లో వేశాడు! అది పరీక్ష. దాన్ని సెల్ బ్రాడ్‌కాస్ట్ అంటారు. మామూలు మెసేజీ ఒక్కొక్క నంబరుకి విడివిడిగా పోతుంది. తుఫాను రోజున లక్షలమందికి పంపాలంటే ఇరుక్కుపోతుంది. ఇది అలా కాదు, టవరు మైకులో అరిచినట్టు అరుస్తుంది, దాని కింద ఉన్న ప్రతి ఫోనూ వింటుంది. సైలెంటులో ఉన్నా కూస్తుంది. మన నంబరు వాళ్లకి తెలియక్కర్లేదు. కానీ సెట్టింగుల్లో ఎమర్జెన్సీ అలర్టులు అని ఒక చోటు ఉంటుంది, అక్కడ ఆపేసి ఉంటే రాదు. ఆ రోజు కూసింది చిరాకుగా ఉందని మా వీధిలో కొందరు పిల్లల చేత ఆపించేశారు. నేను నా స్నేహితురాలు కలిసి ఇంటింటికీ తిరిగి మళ్లీ పెట్టించాం. పరీక్ష మెసేజీ ఇంగ్లీషులో, హిందీలో వచ్చింది. మా నాన్నకి తెలుగే కూడబలుక్కుని వస్తుంది. ఫోను కూత విన్నా చదివేవాళ్లు పక్కన ఉండాలి. బోటులో ఎవరుంటారు? ఎంత పెద్ద టవరు కట్టినా ఆఖరి జానెడు దూరం భాషదే. నాకు తెలిసినంతలో దీనికి ఒకటే ఉపాయం, ఫోనులో అక్షరాల్ని పైకి చదివి వినిపించే సదుపాయం ఉంటుంది, అది తెలుగులో పెట్టుకోవచ్చు, అనువాదం చేయించి వినొచ్చు. నేర్చుకోవడానికి నాన్నకి వారం పట్టింది.

తెలుగు దొరికే చోటు ఒకటి ఉంది. హైదరాబాదులో ఇంకాయిస్ అనే సంస్థ 1999 నుంచి ఉంది. సముద్రం హైదరాబాదుకి ఎక్కడ, అని నేనూ అనుకున్నాను. ఉపగ్రహాలు చూసిన నీటి వేడినీ, నాచు రంగునీ బట్టి చేపలు ఎక్కడ గుమిగూడతాయో వాళ్లు చెప్తారు, కెరటాలు ఎంత ఎత్తు లేస్తాయో చెప్తారు. తెలుగులోనూ ఒడియాలోనూ ఇస్తారు. 2004 సునామీ తర్వాత 2007లో సునామీ హెచ్చరిక కేంద్రం కూడా అక్కడే పెట్టారు. 2017లో ఓఖీ తుఫాను వచ్చినప్పుడు కేరళ, తమిళనాడు జాలర్లు అప్పటికే దూరం పోయి ఉన్నారు, ఫోను సిగ్నలు అందదు, వాళ్లకి కబురు చేరలేదు. చాలామంది తిరిగి రాలేదు. దాని తర్వాత 2019లో జెమిని అనే చిన్న పరికరం వచ్చింది. ఉపగ్రహం నుంచి హెచ్చరిక తీసుకుని బ్లూటూత్ మీద మన ఫోనుకి ఇస్తుంది. టవరు లేని చోట కూడా. అయితే అది వినడమే, చెప్పలేదు. చెప్పడానికి ఇస్రో వాళ్ల ఇంకో పెట్టె ఉంది. ఆపదలో మీట నొక్కితే ఉపగ్రహం ద్వారా కబురు పోతుంది. పాతదాంట్లో కబురు చేరిందో లేదో తెలిసేది కాదు, 2024లో వచ్చిన కొత్తదాంట్లో "అందింది" అని జవాబు వస్తుంది. ఆ జవాబు ఎంత ధైర్యమో పిన్నిని అడిగితే చెప్తుంది.

బోటు లేనివాళ్లకి కూడా పనికొచ్చేవి ఉన్నాయి. 2012లో ఢిల్లీలో జరిగిన ఘోరం తర్వాత ఆడవాళ్ల రక్షణ గురించి దేశమంతా అడిగింది. 2016లో కేంద్రం ఒక నియమం చేసింది. 2017 నుంచి అమ్మే ప్రతి ఫోనులో ఆపద మీట ఉండాలని, 2018 నుంచి జీపీఎస్ ఉండాలని. స్మార్టుఫోనులో పవర్ మీట గబగబా నొక్కాలి (ఎన్నిసార్లు అన్నది ఫోనుని బట్టి మారుతుంది, మీ సెట్టింగుల్లో చూసుకోండి), చిన్న ఫోనులో 5 గానీ 9 గానీ అదిమి పట్టుకోవాలి. 112కి పోతుంది. సముద్రంలో అయితే కోస్టుగార్డు 1554, మెరైన్ పోలీసు 1093. లాక్ తీయకుండానే కనిపించేలా రక్తం గ్రూపు, ఇంటివాళ్ల నంబరు పెట్టుకోవచ్చు. పిడుగులకి దామిని అనే యాప్ ఉంది, పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ చేసింది. మా వైపు పిడుగులు తుఫాను కంటే తక్కువ భయపెడతాయి, కానీ పొలంలో ఉన్నవాళ్లని వదలవు.

నేను ట్యూషన్ నుంచి వచ్చేటప్పుడు అమ్మకి వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పెడతాను. 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని మూడు ఉంటాయి. నేను గంటే పెడతాను. అమ్మ 8 గంటలు పెట్టమంటుంది. ఇది మా ఇంట్లో ఇంకా తేలలేదు. నా వాదన ఏమిటంటే, నువ్వు ఎక్కడున్నావో చెప్పే వస్తువు అమ్మకి చెప్తే రక్షణ, ఎవరికో చెప్తే ప్రమాదం. టార్చిలైటు యాప్‌కి నా లొకేషన్ ఎందుకు? ఆటకి ఎందుకు? సెట్టింగుల్లో చూస్తే ఎవరెవరు అడుగుతున్నారో జాబితా ఉంటుంది, అక్కర్లేనివాళ్లకి తీసెయ్యాలి. నాన్న చేపలు పడే చోటుని అంత రహస్యంగా దాస్తాడు, అదే నాన్న ఫోనులో ఏదో ఆటకి లొకేషన్ రోజంతా ఇచ్చి ఉంది! నేను చూపించగానే తీసేశాడు.

తాత ఇవన్నీ విని ఒక్క మాట అన్నాడు. "బేటరీ అయిపోతే?" నిజమే. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖపట్నం అంత ఊరిలోనే ఫోన్లు మూగబోయాయి. అందుకని నేనొక పని మొదలుపెట్టాను. తాత కొండ గుర్తులన్నీ నోటుబుక్కులో రాస్తున్నాను. ఎడమ పక్క తాత మాట, ఏ చెట్టు ఏ కొండ కిందకి రావాలి అని. కుడి పక్క నంబర్లు. నాన్న వేటకి పోయినప్పుడు ఆ గుర్తు కలిసిన చోట ఫోనులో పిన్ పెట్టి తెస్తాడు, నేను రాస్తాను. ఇప్పటికి పదకొండు అయ్యాయి. నంబర్లు పత్రికలో వేయకూడదని నాన్న షరతు.

పన్నెండోది ఆగిపోయింది. దానికి గుర్తు ఒక తాటితోపు. ఆ తోపు ఫైలిన్‌లో పడిపోయింది, ఆ స్థలంలో ఇప్పుడు ఇళ్లు లేచాయి. నాన్నకి ఆ చోటు తెలియదు, చిన్నప్పుడు ఒకసారి పోయాడట, అంతే. తోపు లేకుండా ఆ గీత ఎక్కడ పడుతుందో తాతకి ఒక్కడికే తెలుసు. ఆయనకి మోకాళ్ల నొప్పులు, బోటు ఎక్కి ఆరేళ్లయింది. నేనూ నాన్నా ఎంత అడిగినా "యేటుంది అక్కడ ఇప్పుడు" అంటూ వచ్చాడు. మొన్న ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలైంది, జూన్ 14 దాకా బోట్లన్నీ ఒడ్డునే. నిషేధం అయ్యాక మొదటి రోజున, సముద్రం నెమ్మదిగా ఉంటే, వస్తానన్నాడు. ఫోను తడవకుండా కట్టుకునే ప్లాస్టిక్ సంచీ బజారు నుంచి తెమ్మని తాతే నాన్నకి చెప్పాడు.